ఎర్రగా కనిపించిన కొల్లేరు



ఆకు పచ్చగా ఉంటుంది, నీరు ఆకాశం రంగులో ఉంటుంది అని పలక మీద అక్షరాలు దిద్దే వయసులోనే మనం నేర్చుకొన్నాము. అయితే మన కంటికి అందని వెలుగుతో తీసే ఫొటోలు కొన్ని ఉన్నాయి. వాటిలో చెట్లు మంచు కురిసినట్టు తెల్లగా ఉంటాయి, లేదా మిరపపండ్లు ఆరబోసినట్టు ఎర్రగా ఉంటాయి. నీరు కాటుకలాగ నల్లగా ఉంటుంది. కొండలను, ఎడారులను ఫొటోలు తీసేవారికి ఈ పద్ధతి అంటే చాలా మక్కువ. మన ఏలూరు ప్రక్కనున్న కొల్లేటికి కూడా ఇటువంటి ఫొటోలు ఎన్నో ఉన్నాయి. అవి నేల మీద నిలబడి తీసినవి కావు, ఉపగ్రహాలు తీసినవి. పాతికేళ్లుగా కొల్లేటిని గూర్చి జరుగుతున్న వాదనలో అవి మాటిమాటికీ సాక్షులుగా వస్తున్నాయి. సాక్షి ఎటువంటివాడో, ఏమి చూడగలడో, ఏమి చూడలేడో తెలిసికొనడం ఈ ప్రాంతపు కుటుంబాలకు అవసరమని తోచి ఈ నెల ఈ సంగతి ఎత్తుకొన్నాము.

ఈ కనబడని వెలుగును మొదట పట్టుకొన్నవాడు ఒక చర్చిలో ఆర్గన్ వాయించిన మనిషి అంటే మన పాఠకులకు ఆశ్చర్యంగా ఉండవచ్చు. విలియం హెర్షెల్ జర్మనీలో పుట్టి, ఇంగ్లాండుకు వలస వచ్చిన సంగీతకారుడు. బాత్ అనే పట్టణంలో ఆక్టగన్ చాపెల్‌కు ఆర్గనిస్టుగా పనిచేశాడు. పగలు సంగీత పాఠాలు చెప్పడం, రాత్రి నక్షత్రాలు చూడడం ఆయన దినచర్య. తన చేతులతో తానే అద్దాలు నూరి దూరదర్శినులు చేసికొని, 1781లో యురేనస్ గ్రహాన్ని కనుగొన్నాడు. 1800లో ఆయన ఒక చిన్న పరీక్ష చేశాడు. ఎండను గాజు పట్టకం గుండా పంపితే అది ఇంద్రధనుస్సు రంగులుగా విడిపోతుంది గదా, ఆ రంగుల మీద థర్మామీటర్లు పెట్టి ఏ రంగులో ఎంత వేడి ఉందో చూశాడు. ఊదా వైపు తక్కువ, ఎరుపు వైపు ఎక్కువ. ఎరుపు కూడా దాటి, ఏ రంగూ పడని ఖాళీ చోట పెట్టిన థర్మామీటరు ఇంకా పైకి ఎక్కింది. ఏమీ లేదనుకొన్న చోట వెలుగు ఉందన్నమాట. దానినే ఇప్పుడు ఇన్‌ఫ్రారెడ్ అంటున్నారు. మన పిల్లల బడి పుస్తకాలలో పరారుణ కిరణాలు అని రాస్తారు.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయాన్ని తొలగించాలి. ఇన్‌ఫ్రారెడ్ ఫొటో అనగానే వేడిని తీసిన ఫొటో అని చాలామంది అనుకొంటారు. 2020లో కరోనా రోజుల్లో గుడి గుమ్మాల దగ్గర, ఆసుపత్రుల దగ్గర నుదుటికి ఎదురుగా పెట్టి జ్వరం చూసిన పరికరం గుర్తుందా? అది పట్టుకొన్నది మన ఒంటినుండి వెలువడే పరారుణం. అది చాలా పొడవాటి తరంగాల వెలుగు. ఫొటోలకు పనికివచ్చేది వేరు. అది ఎరుపును ఆనుకొని ఉన్నది, సూర్యుని దగ్గరనుండే వచ్చి ఆకు మీద, రాయి మీద పడి తిరిగి కెమెరాలోకి వచ్చేది. ఇంట్లో టీవీ రిమోటు పంపేది కూడా ఈ రకపు వెలుగే. రిమోటును సెల్‌ఫోను కెమెరాకు ఎదురుగా పెట్టి మీట నొక్కండి. కొన్ని ఫోన్లలో, ముఖ్యంగా ముందువైపు కెమెరాలో, రిమోటు కొన దగ్గర ఊదారంగు చుక్క మెరుస్తుంది. మన కంటికి కనబడనిది కెమెరాకు కనబడిందని పిల్లలకు చూపించడానికి ఇంతకంటె సులువైన పాఠం లేదు.

ఈ వెలుగుతో ప్రకృతి దృశ్యాలను మొదట ఫొటోలు తీసి లోకానికి చూపించినవాడు రాబర్ట్ వుడ్. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. 1910లో ఆయన ఫొటోలు అచ్చయ్యాయి. నడి ఎండలో తీసినా ఆకాశం అమావాస్య రాత్రిలాగ నల్లగా, చెట్లు మాత్రం మంచులో మునిగినట్టు తెల్లగా కనిపించాయి. ఆయన పేరు మీదుగానే దీనిని వుడ్ ప్రభావం అన్నారు. వుడ్ అంటే కలప గనుక చెట్లకు సంబంధించిన మాట కాబోలు అని కొందరు అనుకొంటారు, అది కాదు.

ఆకు ఎందుకు తెల్లబడుతుంది? పచ్చదనాన్ని ఇచ్చే పత్రహరితం ఎరుపును, నీలాన్ని మింగి ఆకుకు తిండి చేస్తుంది. పరారుణం దానికి అక్కరలేదు, పోనిస్తుంది. ఆకు లోపల తడి గోడలున్న చిన్నచిన్న గదులు, వాటి మధ్య గాలి సందులు ఉంటాయి. వెలుగు ఆ సందుల్లో అటూ ఇటూ కొట్టుకొని చాలావరకు వెనక్కి వచ్చేస్తుంది. రొయ్యల చెరువులో ఏరేటరు తిరిగే చోట చూడండి. నీటికి రంగు లేదు, గాలికి రంగు లేదు. రెండూ కలిసి నురగ అయితే తెల్లగా మెరుస్తుంది. ఆకు లోపల జరిగేది కూడా దాదాపు ఇదే. నీరు మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం. కాస్త లోతుంటే చాలు, పరారుణాన్ని మింగి ఊరుకొంటుంది. అందుచేత ఆ ఫొటోల్లో నీరు నలుపు.

కొండల ఫొటోలు తీసేవారికి ఇందులో ఇంకొక లాభం ఉంది. దూరపు కొండ మనకు మసకగా కనిపించడానికి కారణం మధ్యనున్న గాలి నీలి వెలుగును చెదరగొట్టడం. పరారుణం అంతగా చెదరదు. 1930లలో కెప్టెన్ ఆల్బర్ట్ స్టీవెన్స్ అనే అమెరికా వైమానికుడు విమానంలోనుండి 300 మైళ్ల పైచిలుకు దూరాన ఉన్న మౌంట్ షాస్టా శిఖరాన్ని ఈ పద్ధతిలో ఫొటో తీశాడు. ఏలూరునుండి తిరుపతి కొండ కంటె చాలా దూరం. అయితే మంచు తెర, మబ్బు మాత్రం పరారుణానికీ అడ్డే. నీటి తుంపరల ముందు దాని గొప్ప చెల్లదు. ఎడారిలో కథ వేరు. ఆకు లేని చోట మెరిసేదేమీ ఉండదు. ఇసుక, రాయి మామూలుగానే ఉంటాయి. వాటి మధ్య ఎక్కడో తేమ చూసుకొని బ్రతుకుతున్న ఒక్క పొద మాత్రం దీపం పెట్టినట్టు కనిపిస్తుంది. నీటి జాడ వెదకేవారికి ఆ దీపం పెద్ద గుర్తు.

ఫిల్ము కెమెరాల కాలంలో ఇది కష్టమైన పనే. ఆ ఫిల్మును చల్లగా దాచాలి, కటిక చీకటిలో ఎక్కించాలి. కెమెరా ముందు ముదురు ఎర్ర గాజు బిగించాలి. పరారుణం మామూలు వెలుగు కలిసే చోట కలవదు గనుక లెన్సును కొంచెం జరిపి ఫోకసు చేయాలి. పాత లెన్సుల మీద అంకెల ప్రక్కన ఉండే చిన్న ఎర్ర గీత గాని, చుక్క గాని అందుకే. పెండ్లి ఫొటోలు తీసే స్టూడియోవారు ఎన్ని సంవత్సరాలు ఆ గీతను చూసి ఉంటారో, దానితో పని మాత్రం పడి ఉండదు. కొడాక్ కంపెనీ తన పేరుపొందిన నలుపు తెలుపు ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మును 2007లో మానివేసింది. ఇప్పుడు డిజిటల్ కెమెరా లోపలి అడ్డుగాజును తీయించుకొని ఆ పని చేస్తున్నారు.

రంగుల ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ము పుట్టింది మాత్రం అందం కోసం కాదు, యుద్ధం కోసం. తాడేపల్లిగూడెంలో రెండవ ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఉన్న సంగతి ఆ ప్రాంతంవారికి తెలిసినదే. ఆ రోజుల్లో విమానాలను, ఫిరంగులను శత్రువు కంటబడకుండా పచ్చరంగు గుడ్డలు, నరికిన కొమ్మలు కప్పి దాచేవారు. పైనుండి మామూలు ఫొటో తీస్తే అంతా తోటలాగే ఉంటుంది. రంగుల ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ముతో తీస్తే బ్రతికి ఉన్న ఆకు ఎర్రగా వస్తుంది, పచ్చరంగు పూసిన గుడ్డ అలా రాదు, కోసి వాడిపోయిన కొమ్మ కూడా వెలవెలబోతుంది. మోసం బయటపడుతుంది. అందుకే ఆ ఫిల్మును మారువేషాలు పట్టే ఫిల్ము అన్నారు.

యుద్ధం అయ్యాక అదే ఫిల్ము పైరుల దగ్గరకు వచ్చింది. మన దేశంలో దీనికి నాంది పలికినది కొబ్బరి చెట్టు. 1970 ప్రాంతంలో డాక్టర్ పిషరోటి అనే శాస్త్రవేత్త, ఆయన బృందం, కేరళలో కొబ్బరి తోటలను పాడుచేస్తున్న వేరు తెగులును హెలికాప్టరులోనుండి ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ముతో ఫొటోలు తీశారు. ఆరోగ్యంగా ఉన్న చెట్టు చక్కటి ఎరుపు, తెగులు తగిలిన చెట్టు రంగు తగ్గి వేరుగా కనబడింది. దూరంనుండే పరిశీలించే ఈ విద్యకు మన దేశంలో ఆయనను తండ్రి అంటారు. కొబ్బరి మీద బ్రతికే కోనసీమవారు, ఇటు పామాయిలు తోటలు పెంచుతున్న మన మెట్టవారు ఈ సంగతి గుర్తుపెట్టుకోదగినది.

ఆ తరువాత కెమెరా హెలికాప్టరును వదలి ఇంకా పైకి వెళ్లింది. అమెరికావారి మొదటి ల్యాండ్‌శాట్ 1972 జూలైలో ఎగిరింది. 1974లో మన హైదరాబాదులో జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ ఏర్పడింది. 1979లో షాద్‌నగర్ దగ్గర ఉపగ్రహ చిత్రాలను అందుకొనే కేంద్రం పెట్టారు. 1988 మార్చి 17న మన సొంత ఉపగ్రహం ఐఆర్ఎస్-1ఏ రష్యావారి రాకెట్టు మీద బయలుదేరింది. ఇవి ఫిల్ము వాడవు. పచ్చ, ఎరుపు, పరారుణం వంటి వెలుగులను విడివిడిగా కొలిచి అంకెలుగా క్రిందికి పంపుతాయి. క్రింద వాటిని బొమ్మగా కూర్చుతారు.

బొమ్మ ఎంత స్పష్టంగా ఉంటుందో మీటర్లలో చెబితే మనకు అంతుపట్టదు. సెంట్లలో చెప్పుకొందాము. మొదటి ల్యాండ్‌శాట్ బొమ్మలో ఒక్క చుక్క అంటే నేల మీద సుమారు ఎకరంన్నర. ఆ ఎకరంన్నరలో ఇల్లున్నా, చెరువున్నా, తోటున్నా అన్నీ కలిసిపోయి ఒక్క రంగుగా వస్తాయి. ఐఆర్ఎస్-1ఏలో మెరుగైన కెమెరాకు చుక్క 32 సెంట్లు. 1997లో ఎగిరిన ఐఆర్ఎస్-1డిలో రంగుల కెమెరాకు సుమారు 13 సెంట్లన్నర. 2015నుండి తిరుగుతున్న ఐరోపావారి సెంటినల్-2 ఉపగ్రహానికి రెండున్నర సెంట్లు మాత్రమే. అంటే ఇప్పుడు పేదవానికిచ్చిన ఇళ్ల స్థలం కూడా ఒక చుక్కగా లెక్కకు వస్తుంది.

ఇక రంగుల సంగతి. పరారుణానికి మన కంటిలో రంగు లేదు గనుక దానికి ఎరుపును అరువిచ్చారు. ఎరుపుకు పచ్చను, పచ్చకు నీలాన్ని జరిపారు. దొంగ రంగులైనా లెక్క తప్పని రంగులు. ఈ లెక్కన సార్వా చేను పొట్ట మీద ఉన్నప్పుడు నిప్పులాంటి ఎరుపు, కోత కోసిన తరువాత బూడిద కలిసిన నీలం. తేటనీరు నలుపు. బురదనీరు లేత నీలం. ఇసుక తెలుపు. ఏలూరు పట్టణం ఇళ్లు, రోడ్లు కలిసి నీలిబూడిద మచ్చ. ఉప్పుటేరు సన్నని నల్ల దారం. ఉత్తరాన పాపికొండల అడవి ముదురెరుపు.

ఈ అక్షరాలు వచ్చినవాడు కొల్లేటి బొమ్మను చదవగలడు. మనం చెప్పుకొంటున్న 2001 ఫిబ్రవరి 9 నాటి బొమ్మను మన దేశపు ఉపగ్రహమే తీసింది. శాస్త్రజ్ఞులు దానిని చదివి తేల్చిన లెక్క ఇది. వారు సరస్సుగా తీసికొన్న వైశాల్యం 245 చదరపు కిలోమీటర్లు. అందులో సుమారు 42 శాతం చేపల చెరువులు. మరి ఎనిమిదిన్నర శాతం సేద్యం, ఎక్కువగా వరి. చెరువులు 1,050, ఎండిపోయినవి 38, అన్నీ కలిపి 103 చదరపు కిలోమీటర్లు. మిగిలినదంతా గడ్డి, గుర్రపుడెక్క వంటి కలుపు, నీరు మళ్లించగా తరిగిపోయిన నేల. తేటనీరు అని చెప్పదగిన నల్లటి చోటు ఆ బొమ్మలో ఎక్కడా లేదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వచ్చి కలిసే మంచినీటి సరస్సులో, దేశంలోని పెద్ద సరస్సులలో ఒకటని మనం పిల్లలకు చెప్పుకొనే సరస్సులో, నీరు కనబడలేదు.

ఎర్రగా మాత్రం చాలా ఉంది. ఇక్కడే ఈ సాక్షి మనలను తప్పుదారి పట్టించగలడు. ఎరుపంటే ఆరోగ్యం అని కొబ్బరి తోట దగ్గర నేర్చుకొన్నాము. సరస్సు మధ్యలో ఎరుపంటే ఆరోగ్యం కాదు. పొలాల ఎరువుల కాలువలు, పట్టణాల మురుగు, చెరువుల మేత నీరు వచ్చి పడితే గుర్రపుడెక్క బలిసి పరచుకొంటుంది. ఉపగ్రహానికి అది ఎంతో నవనవలాడే పైరు. వరి చేనుకు, గుర్రపుడెక్కకు, కిక్కిసకు ఎరుపులో తేడా ఉన్నా, ఆ తేడా తెలిసేది నేల మీద తిరిగినవానికే. అందుకే ఈ విద్యలో ఉన్నవారు బొమ్మ చేతపట్టుకొని ఊళ్లు తిరిగి, ఏ మచ్చ ఏమిటో చూసి వస్తారు. అలా తిరగకుండా గదిలో కూర్చుని గీసిన పటాన్ని మేమైతే నమ్మము.

ఇటువంటి బొమ్మ ప్రతి ఒకటి పట్టుకొని మేము ఒక లంకలో కొందరికి చూపించాము. పడవ నడిపే ఒక కుర్రవాడు రెండు నిమిషాలలో ఉప్పుటేరును, ఏలూరు రోడ్డును, తమ ఊరి గట్టును వ్రేలితో చూపాడు. “ఈ ఎర్రముక్క వరి కాదండీ, కిక్కిస. మేం పడవ దోపుకొంటూ పోయేది ఇందులోంచేనండి” అన్నాడు. కూడా ఉన్న ముసలామె చాలాసేపు చూసి, “ఏ చెరువు ఎవరిదో ఇందులో రాసుంటుందా అయ్యగారూ?” అని అడిగింది. రాసి ఉండదమ్మా అని చెప్పవలసి వచ్చింది. ఆమె అడిగిన ప్రశ్న చిన్నది కాదు.

లెక్క చూడండి. 103 చదరపు కిలోమీటర్లను 1,088 చెరువులకు పంచితే సగటున ఒక్కొక్కటి 23 ఎకరాల పైమాట. వల వేసికొని బ్రతికే ఒక కుటుంబానికి 23 ఎకరాల చెరువు ఎక్కడిది? 1970ల నడుమ ప్రభుత్వమే మత్స్యకారుల సహకార సంఘాలకు, బలహీనవర్గాల సంఘాలకు కొల్లేటిలో చెరువులు కేటాయించింది. పేదలకు ఆధారం కావాలని చేసిన పని అది. తరువాత చేపల వ్యాపారం పెరిగింది. చాలా చోట్ల సంఘం పేరు పత్రంలో మిగిలింది, చెరువు కౌలుకు పోయింది, పెట్టుబడి పెట్టిన బయటివారి చేతిలోకి వెళ్లింది. సభ్యుడు తన పేరున్న చెరువు గట్టు మీదనే కాపలా కూలీ అయ్యాడు. ఆకాశంనుండి చూస్తే సంఘపు చెరువు, కౌలుదారుని చెరువు, జిరాయితీ పట్టా ఉన్న రైతు చెరువు, ఆక్రమించి తవ్వినది అన్నీ ఒకే రకమైన నల్లటి నలుచదరాలు. గట్టు తిన్నగా ఉందో లేదో చెప్పే ఫొటో, గట్టు వేసినవాని పేరు చెప్పదు.

ఈ సాక్షి చెప్పలేనిది మరొకటి కూడా ఉంది, ఎత్తు. 1999లో ప్రభుత్వం జీవో నంబరు 120 ద్వారా కొల్లేటిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. హద్దు ఐదవ కాంటూరు, అంటే సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తు వరకు. దాని వైశాల్యం 308 చదరపు కిలోమీటర్లు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్‌సర్ జాబితాలో కూడా చేరింది. మూడవ కాంటూరు వరకే తీసికొంటే వైశాల్యం 135 చదరపు కిలోమీటర్లు. మన నేల ఎంత చదునో దీనిని బట్టి ఊహించుకోవచ్చు. రెండు అడుగుల ఎత్తు తేడాకు 173 చదరపు కిలోమీటర్లు, అంటే దాదాపు 43 వేల ఎకరాలు. మనిషి మోకాలి ఎత్తులో కొన్ని వేల కుటుంబాల తగవు ఉందన్నమాట. ఆ గీత ఏ ఇన్‌ఫ్రారెడ్ బొమ్మలోనూ కనబడదు. నేల మీద సర్వే చేసి కొలిచి, ఆ గీతను తెచ్చి బొమ్మ మీద వేస్తారు. గీత సరిగా పడితేనే చెరువు లోపలో బయటో తేలుతుంది. “ఉపగ్రహం చూపించింది” అని ఎవరైనా అంటే, చెరువును ఉపగ్రహం చూపించి ఉండవచ్చు గాని హద్దును చూపించినది సర్వేయరు అని మనం తెలిసికొనాలి.

2006లో సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లను ప్రభుత్వం పొక్లెయినులతోను, పేలుడు పదార్థాలతోను తెగగొట్టించింది. ఆపరేషన్ కొల్లేరు అని దానికి పేరు. ఆ పని ముందుకంటె ముందు, తరువాత బొమ్మలను ప్రక్కప్రక్కన పెడితే నలుచదరాలు చెరిగిపోయి నీరు ఒకదానిలో ఒకటి కలిసిన తీరు స్పష్టంగా తెలుస్తుంది. సరస్సు పక్షాన నిలబడినవారికి అది సంతోషకరమైన బొమ్మ. ఆటపాక దగ్గర గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను చూడవచ్చేవారికీ సంతోషమే. గట్టు మీద కూలి చేసికొని పిల్లలను చదివించుకొన్న ఇంటికి మాత్రం ఆ ఏడు పొయ్యి దగ్గర ఎలా గడిచిందో ఆ బొమ్మలో లేదు. మా అభిప్రాయం అడిగితే, గట్లు తెగడం అవసరమే. సరస్సు నిండిపోతే ముందు మునిగేది లంకలు, తరువాత మునిగేది ఎగువ పొలాలు. అయితే తెగగొట్టడానికి చూపిన వేగం, చిన్నవానికి వేరే బ్రతుకుతెరువు చూపడంలో కనబడలేదు. జిరాయితీ భూముల పరిహారం మాట ఏండ్ల తరబడి నలిగింది.

హద్దును మూడవ కాంటూరుకు కుదించాలని 2008లో రాష్ట్ర శాసనసభ తీర్మానించింది. తరువాత కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కుదింపుకు ఒప్పుకోలేదు. ఈలోగా తెగిన గట్లు చాలా చోట్ల మళ్లీ లేచాయి. ఎప్పుడు లేచాయి, ఎన్ని లేచాయి అన్నది ఇప్పుడు ఎవరి నోటిమాట మీదా ఆధారపడనక్కరలేదు. పాత ఐఆర్ఎస్-1ఏ తన దారిలో 22 రోజులకొకసారి మన మీదుగా వచ్చేది. సెంటినల్-2 జంట ఐదు రోజులకొకసారి వస్తున్నది, బొమ్మలు ఉచితం. అమెరికావారు కూడా తమ ల్యాండ్‌శాట్ పాత బొమ్మల ఖజానాను 2008నుండి ఉచితంగా తెరిచారు. 1970లనుండి కొల్లేరు ఎలా మారిందో కళాశాలలో చదివే మన పిల్లవాడు ఒక కంప్యూటరు ముందు కూర్చుని వరుసగా చూడవచ్చు. చెరువు ఏ సంవత్సరపు బొమ్మలో లేదో, ఏ సంవత్సరపు బొమ్మలో మొదట కనబడిందో తెలిస్తే, పట్టా తారీకుతో సరిచూసికొనవచ్చు. పెద్దవానికి పనికివచ్చిన సాక్ష్యం పేదవానికి కూడా పనికిరావాలి గదా. తన జిరాయితీ భూమిలో తాతల నాటినుండి వరే పండిందని చెప్పుకొనే రైతుకు, ఫిబ్రవరి నెలల పాత బొమ్మలలో ఆ చోట దాళ్వా ఎరుపు కనబడితే అది చిన్న ఆధారం కాదు. చుక్క ఎకరంన్నర ఉన్న పాత బొమ్మతో అరెకరం సంగతి తేలదు, ఆ పరిమితి కూడా గుర్తుంచుకోవాలి.

మరొక ఇబ్బంది, మబ్బు. మనకు బొమ్మ ఎక్కువ అవసరమయ్యేది వరదలప్పుడు. అప్పుడే ఆకాశం మూసికొని ఉంటుంది, పరారుణం మబ్బును చీల్చలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు, ఆ నీరంతా చివరకు రావలసినది కొల్లేటికే. అటువంటి రోజుల్లో రాడార్ ఉపగ్రహాలే దిక్కు. అవి తమ తరంగాలను తామే పంపి, మబ్బులోనుండి, చీకటిలోనుండి నీటి అంచును గుర్తిస్తాయి. మబ్బులు విడిపోయి శీతాకాలం వచ్చాక మళ్లీ ఇన్‌ఫ్రారెడ్ వంతు. శాస్త్రజ్ఞులు కొల్లేటి బొమ్మకు ఫిబ్రవరిని ఎన్నుకోవడంలో ఆకాశం తేటగా ఉండడం ఒక సౌకర్యం.

2025లో కూడా కొల్లేటి వ్యవహారం సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. వాదనలలో పటాలు, బొమ్మలు మళ్లీ బల్ల మీదకు వస్తాయి. మన సంఘాలలో లంకలవారు, ఎగువ రైతులు, చెరువుల మీద కూలికి వెళ్లేవారు, చేపల లారీలు నడిపేవారు అందరూ ఉన్నారు. గ్రామసభలో ఎవరైనా ఎర్రటి బొమ్మ ఒకటి తెచ్చి గోడకు అంటిస్తే, మొదట మూడు ప్రశ్నలు అడగండి. ఏ తారీకున తీసినది? ఒక్క చుక్కకు ఎన్ని సెంట్లు? హద్దు గీత ఎవరి సర్వే ప్రకారం వేశారు? జవాబు చెప్పలేకపోతే, ఆ మూడూ తెలిసికొని మళ్లీ రమ్మనండి. నాలుగవ ప్రశ్న లంకలో ఆ ముసలామె అడిగినదే. దానికి జవాబు రెవెన్యూ కార్యాలయపు దస్త్రాలలోను, సంఘాల మినిట్సు పుస్తకాలలోను ఉంది.